మళ్లీ మహమ్మారి వస్తే ఇల్లు లేనివారిని ఫంక్షన్ హాళ్లలో ఉంచితే సరిపోతుందా?

రాత్రి_బస
మా పట్టణ విపత్తు సన్నద్ధత ప్రణాళిక ముసాయిదాను ప్రజల అభిప్రాయాల కోసం నోటీసు బోర్డులో పెట్టారు. అంటువ్యాధుల అధ్యాయంలో ఆక్సిజన్ సిలిండర్ల నుంచి శ్మశానాల దాకా అన్నీ వివరంగా రాశారు. ఇల్లు లేనివారి గురించి మాత్రం ఒకే వాక్యం ఉంది: "నిరాశ్రయులను గుర్తించి సమీపంలోని ఫంక్షన్ హాళ్లకు, పాఠశాలలకు తరలించవలెను."

నేను ఇక్కడి నిరాశ్రయుల వసతి గృహం నిర్వహణ కమిటీలో సభ్యుడిని. ఆ వాక్యం ఆచరణలో ఎలా ఉంటుందో 2020 లాక్‌డౌన్‌లో దగ్గరుండి చూశాను. రైల్వే స్టేషన్ ముందర, బస్టాండు అరుగుల మీద, గుడి మెట్ల మీద పడుకునే వారందరినీ వ్యాన్లలో ఎక్కించి ఒక హైస్కూలు హాలులో దింపారు. చాపకు చాప ఆనించి పరిచారు. అంతమందికీ రెండు మరుగుదొడ్లు, ఆవరణలో ఒక కుళాయి ఉన్నాయి. ఒక పెద్దాయన రాత్రంతా దగ్గుతుంటే, పక్కనున్నవారు చాపలు చుట్టుకొని వరండాలోకి వెళ్లారు. కాపలా ఉన్న కానిస్టేబులు వారిని మళ్లీ లోపలికి పంపాడు. వీధిలో పడుకున్నప్పుడు వారి మధ్య ఉన్న దూరం కూడా ఆ హాలులో లేదు.

ఈ వాక్యం స్థానంలో ఏం రాయాలని అడగాలి? ఇతర చోట్ల ఏం చేశారో తెలిసినవారు చెప్పండి. అభిప్రాయాలకు గడువు నెలాఖరు వరకు ఉంది.

సామాన్యుడు_66
తీరిగ్గా కూర్చొని ఇప్పుడు తప్పులు వెతకడం తేలిక. లాక్‌డౌన్ ప్రకటనకూ అమలుకూ మధ్య అప్పుడు అధికారుల చేతిలో నాలుగు గంటల సమయమే ఉంది. దేశవ్యాప్తంగా 21,064 సహాయ శిబిరాలు ఏర్పాటు చేశామని, వాటిలో 6.66 లక్షల మంది ఉన్నారని, 22 లక్షలకు పైగా జనానికి భోజనం అందిస్తున్నామని కేంద్రం 2020 మార్చి 31న సుప్రీంకోర్టుకు చెప్పింది. అంతమందికి విడివిడిగా గదులు ఏ ప్రభుత్వం ఇవ్వగలదు? హాలు ఇచ్చారు, అన్నం పెట్టారు. అది చిన్న పని కాదు.

రాత్రి_బస
అన్నం పెట్టినవారిని నేను తప్పుపట్టడం లేదు. వారిలో చాలామంది నా మిత్రులే. కానీ ఆకలి తీర్చడం వేరు, రోగం అంటకుండా కాపాడటం వేరు. మా హాలు మొదటి పని చేసింది, రెండోది చేయలేదు.

వార్డు_సిస్టర్
రాత్రి_బస గారు చెప్పినది వైద్యపరంగా కూడా నిజమే. 2020 ఏప్రిల్ మొదట్లో అమెరికాలోని బోస్టన్‌లో ఒక పెద్ద షెల్టర్‌లో ఉన్నవారికి లక్షణాలతో నిమిత్తం లేకుండా పరీక్షలు చేశారు. 408 మందిలో 147 మందికి పాజిటివ్ వచ్చింది, వారిలో అత్యధికులకు జ్వరం గానీ దగ్గు గానీ లేవు. అంటే గుమ్మం దగ్గర థర్మల్ గన్ పట్టుకొని ఎంత జాగ్రత్తగా నిలబడినా, రోగం మన పక్క నుంచే హాలులోకి నడిచి వెళ్తుంది. ఒకసారి లోపలికి వెళ్లాక గాలి అందరికీ ఒకటే.

ఇంకో సంగతి కూడా గుర్తు చేయాలి. మన కేంద్ర ఆరోగ్య శాఖ 2020 ఏప్రిల్ 27న స్వల్ప లక్షణాలు ఉన్నవారు ఇంట్లోనే ఉండవచ్చని మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం ఇంట్లో విడిగా ఉండే వసతి ఉండాలి, ఇరవై నాలుగు గంటలూ చూసుకునే మనిషి ఉండాలి, ఫోనులో ఆరోగ్య సేతు యాప్ ఉండాలి. ఇల్లు, మనిషి, ఫోను మూడూ లేని వారికి ఆ కాగితంలో చోటు లేదు.

నేను అప్పుడు పనిచేసిన ఆసుపత్రిలో చిత్తు కాగితాలు ఏరుకొని బతికే ఒక పెద్దామె కోలుకుంది. డిశ్చార్జి కాగితంలో చిరునామా గడి నింపడానికి గుమస్తా అడిగితే, "బస్టాండు, ఏడో నంబరు ప్లాట్‌ఫారం" అని చెప్పింది. ఆయన ఆ గడిని ఖాళీగా వదిలేశాడు. చిరునామా లేనివారిని ఇంటికి పంపే అంబులెన్సులో ఎక్కించుకోరు. మంచాలేమో బయట వేచి ఉన్న రోగులకు కావాలి. డ్యూటీ డాక్టరూ నేనూ ఆమెను ఎక్కడికి పంపాలో తెలియక వార్డు చివరి వరండాలో పడక వేయించాము. అటువంటి వారి కోసం ఊళ్లో కొన్ని గదులు ఉండి ఉంటే ఒక మంచం ఖాళీ అయ్యేది, ఆమెకు కాస్త విశ్రాంతి దొరికేది.

బే_ఏరియా_బాబాయ్
కాలిఫోర్నియాలో జరిగింది కొంత దగ్గరగా చూశాను కాబట్టి వివరంగా రాస్తాను.

లాక్‌డౌన్ వల్ల హోటళ్లూ మోటళ్లూ ఖాళీగా పడి ఉన్నాయి. 2020 ఏప్రిల్ 3న గవర్నర్ గవిన్ న్యూసమ్, నిరాశ్రయులను ఆ గదుల్లో ఉంచే ప్రాజెక్ట్ రూమ్‌కీ పథకాన్ని ప్రకటించారు. 15,000 గదులు అద్దెకు తీసుకోవాలన్నది లక్ష్యం. ఖర్చులో 75 శాతం ఫెమా, అంటే కేంద్ర విపత్తు నిర్వహణ సంస్థ, తిరిగి చెల్లిస్తుందని ముందే ఒప్పందం కుదిరింది. గదులు ఎవరికి ఇవ్వాలో కూడా నిర్ణయించారు: పాజిటివ్ వచ్చినవారికి, వారితో కలిసి తిరిగినవారికి, రోగం లేకపోయినా 65 ఏళ్లు దాటినవారికి, ముందు నుంచే జబ్బులు ఉన్నవారికి. ఈ చివరి వర్గాన్ని చేర్చడమే నాకు బాగా నచ్చిన విషయం, ఎందుకంటే రోగం వచ్చాక దాచిపెట్టడం కాకుండా రాకముందే కాపాడాలన్న ఆలోచన అందులో ఉంది.

అంతకు కొద్ది రోజుల ముందే లాస్ వేగాస్‌లో ఏం చేశారో చూడండి. ఒక షెల్టర్‌లో కేసు బయటపడి దాన్ని మూసివేస్తే, అక్కడివారిని ఒక పార్కింగ్ స్థలంలో తారు నేల మీద ఆరడుగుల దూరంతో గడులు గీసి పడుకోబెట్టారు. మన ఊళ్లో కిరాణా కొట్ల ముందు సుద్దతో గీసిన గడులు గుర్తున్నాయి కదా, అటువంటివే, కాకపోతే రాత్రంతా పడుకోవడానికి. హోటల్ గదులకు ప్రపంచంలోనే పేరుపడ్డ ఊరది, అన్ని గదులూ ఖాళీగా ఉన్నాయి.

మా గుడి వంటశాల నుంచి కొన్ని వారాలు ఇక్కడి ఒక మోటలుకు భోజనాలు పంపాము. పొట్లం తలుపు ముందు పెట్టి, తట్టి, వెనక్కి జరగాలి. నర్సు రోజూ వచ్చి తలుపు దగ్గర నిలబడి ఉష్ణోగ్రత, ఆక్సిజన్ చూసేవారు. బయటివారు లోపలికి రాకూడదు, రాత్రి ఒక వేళ దాటాక లోపలివారు బయటికి వెళ్లకూడదు. మా పులిహోర ఘాటుగా ఉందని ఎక్కువమంది ఫిర్యాదు చేశారు, ఒక మాజీ సైనికుడు మాత్రం రోజూ రెండో పొట్లం అడిగేవారు. ఆయన చాలాకాలం తర్వాత తలుపు వేసుకొని స్నానం చేశానని చెప్పారు.

సామాన్యుడు_66
పదిహేను వేలు లక్ష్యం అన్నారు. కాలిఫోర్నియాలో నిరాశ్రయులు ఎంతమంది? చివరికి ఎన్ని గదులు నిండాయి? అది కూడా చెప్పండి.

బే_ఏరియా_బాబాయ్
న్యాయమైన ప్రశ్న. 2020 జనవరి లెక్కల్లో రాష్ట్రంలో 1,61,000 మందికి పైగా నిరాశ్రయులు ఉన్నారు, అంటే లక్ష్యం చేరినా పదిమందిలో ఒకరికి కూడా అందదు. లాస్ ఏంజెలిస్ కౌంటీ ఒక్కటే 15,000 గదులు తీసుకుంటామని చెప్పి నాలుగు వేలకు కాస్త పైన ఆగిపోయింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో అతిపెద్ద షెల్టర్‌లో ఏప్రిల్‌లో ఒకేసారి సుమారు 70 మందికి పాజిటివ్ వచ్చింది. ఆ వెంటనే నగర పాలక మండలి 8,250 గదులు తీసుకోవాలని ఏకగ్రీవంగా చట్టం చేసింది, కానీ మేయరు యంత్రాంగం అంత దూరం వెళ్లలేదు. దాదాపు 25 హోటళ్లు, రెండు వేల పైచిలుకు గదుల దగ్గర ఆగింది. గదులు లేక ఆగలేదు. ఒక్కో హోటలుకు కావలసిన నర్సులు, కాపలాదారులు, వంటవారు, శుభ్రం చేసేవారు దొరకలేదు. ఖర్చు తిరిగి వస్తుందో రాదో అన్న భయం కూడా ఉంది.

రాత్రి_బస
ఇది చాలా ముఖ్యమైన విషయం. అంటే గదుల జాబితా రాసుకుంటే చాలదు, ఆ గదుల దగ్గర పనిచేసే మనుషుల జాబితా కూడా ముందే ఉండాలి.

లండన్_లక్ష్మి
ఇంగ్లండ్ అనుభవం కొంత భిన్నంగా ఉంటుంది. 2020 మార్చి 26న ఇక్కడి గృహనిర్మాణ మంత్రిత్వ శాఖ అన్ని స్థానిక కౌన్సిళ్లకూ, అంటే మన మున్సిపాలిటీల వంటి సంస్థలకు, ఉత్తరం రాసింది: వీధిలో ఉన్నవారినీ, పడకలు కలిసి ఉండే షెల్టర్లలో ఉన్నవారినీ ఆ వారాంతానికల్లా లోపలికి తీసుకురావాలి. దానికే "ఎవ్రీవన్ ఇన్", అంటే అందరూ లోపలికి, అన్న పేరు స్థిరపడింది. నిరాశ్రయుల విషయంలో ప్రభుత్వానికి సలహాదారుగా ఉన్న డేమ్ లూయీజ్ కేసీ దాన్ని నడిపించారు. లండన్‌లో మేయర్ సాదిక్ ఖాన్ కార్యాలయం ఆ ఉత్తరానికి ముందే 300 హోటల్ గదులు తీసుకుంది. మే నాటికి సుమారు 15,000 మందికి, 2021 జనవరి నాటికి మొత్తం 37,000 మందికి ఏదో ఒక వసతి లేదా సహాయం అందింది. మొదటి ఉద్ధృతిలో ఈ చర్యల వల్ల సుమారు 21,000 ఇన్‌ఫెక్షన్లు, 266 మరణాలు తప్పాయని లాన్సెట్ రెస్పిరేటరీ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. అది గణిత నమూనాతో వేసిన అంచనా అయినా, మంచి శాస్త్రజ్ఞులు చేసిన పని.

అసలు మార్పు గదుల్లో కన్నా అర్హతల్లో వచ్చింది. మామూలు రోజుల్లో ఇక్కడి కౌన్సిలు ఎవరినైనా ఇంట్లో పెట్టాలంటే, వారు ఈ ఊరివారేనా, ప్రాధాన్యం ఇవ్వవలసిన వర్గమేనా, కావాలని ఇల్లు పోగొట్టుకున్నారా అని సవాలక్ష ప్రశ్నలు అడుగుతుంది. ఆ మార్చిలో ఆ ప్రశ్నలు ఏవీ అడగవద్దని చెప్పారు. మన విద్యార్థుల వీసాల మీద ప్రభుత్వ నిధుల సహాయం పొందరాదన్న షరతు ఒకటి ఉంటుంది. పార్ట్‌టైం ఉద్యోగాలు పోయి, అద్దె కట్టలేక, స్నేహితుల హాలులో సోఫా మీద వారాల తరబడి గడిపిన తెలుగు పిల్లలు నాకు తెలుసు. ఆ షరతు ఉన్నవారికి కూడా మొదటి వారాల్లో చాలా కౌన్సిళ్లు గదులు ఇచ్చాయి. మే నెలలో చట్టం మారలేదని కేంద్రం గుర్తుచేసే సరికి, ఒక కౌన్సిలు ఒక విధంగా, పక్క కౌన్సిలు మరో విధంగా ప్రవర్తించడం మొదలైంది.

రాత్రి_బస గారూ, మీ వాక్యంలో "గుర్తించి" అన్న మాట ఉంది చూశారా. ఎవరు గుర్తిస్తారు, ఏ కాగితం చూసి గుర్తిస్తారు అన్నది అక్కడే రాయించండి.

పాత_ఫైళ్లు
లక్ష్మి గారి మాటకు మన లెక్కలు తోడు చేస్తాను. 2011 జనగణనలో దేశంలో ఇల్లు లేనివారు 17.7 లక్షల మంది అని తేలింది, అందులో 9.38 లక్షల మంది పట్టణాల్లో ఉన్నారు. ఆ లెక్క ఫిబ్రవరి 28 రాత్రి ఒక్క రాత్రిలో తీసినది, కాబట్టి ఆ రాత్రి లారీ కింద పడుకున్నవాడు, మార్కెట్ యార్డు వెనుక నిద్రపోయినవాడు అందులో ఉన్నాడో లేడో ఎవరూ చెప్పలేరు.

షెల్టర్ల గురించి కూడా ప్రమాణాలు లేకపోలేదు. సుప్రీంకోర్టు 2010లో ఇచ్చిన ఆదేశాల తర్వాత, లక్ష పట్టణ జనాభాకు ఒక శాశ్వత వసతి గృహం ఉండాలన్న నియమం వచ్చింది. జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాల ప్రకారం అది రాత్రింబవళ్లు, ఏడాది పొడవునా తెరిచి ఉండాలి, ఒక్కొక్కరికి 50 చదరపు అడుగుల చోటు ఉండాలి. మీ హైస్కూలు హాలు కొలతలు తీసుకొని 50తో భాగించండి. అంతకన్నా ఎక్కువమందిని ఉంచి ఉంటే, మహమ్మారి లేని రోజుల ప్రమాణమే అక్కడ పాటించలేదని అర్థం. ముసాయిదాకు అభ్యంతరం రాసేటప్పుడు ఈ అంకె మీకు బలం ఇస్తుంది.

కాగితాల విషయానికి వస్తే, తెలంగాణలో 12 కిలోల బియ్యం, 1,500 రూపాయలు ఆహార భద్రత కార్డు ఉన్న కుటుంబాలకు ఇచ్చారు, వలస కూలీలకు విడిగా 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ఇచ్చారు. ఇక్కడే పుట్టి, ఇక్కడే ఫుట్‌పాత్ మీద పెరిగి, కార్డు లేనివాడు ఈ రెండు వరుసల్లో ఎక్కడ నిలబడాలి? టీకాల సమయంలో కూడా అంతే జరిగింది. గుర్తింపు కార్డు లేనివారికి టీకా ఎలా వేయాలో చెప్పే ఉత్తర్వు 2021 మే 6న వచ్చింది, అప్పటికి రెండో ఉద్ధృతి దేశాన్ని ముంచెత్తింది.

లాడ్జి_యజమాని
ఇంతసేపు చదివాక నేను రాయక తప్పదు. బస్టాండు ఎదురుగా మాకు చిన్న లాడ్జి ఉంది. మహమ్మారిలో నెలల తరబడి ఒక్క గది కూడా అద్దెకు పోలేదు, కరెంటు కనీస బిల్లు, బ్యాంకు వాయిదా మాత్రం ఆగలేదు. అప్పుడు ఎవరైనా వచ్చి నెలకు ఇంత అని ఇస్తామంటే తాళాల గుత్తి చేతిలో పెట్టేవాడిని. ఎవరూ అడగలేదు.

అయితే అడిగేవారు కొన్ని విషయాలు తెలుసుకోవాలి. అద్దె ఎవరు, ఏ తేదీన, ఏ పద్దు కింద ఇస్తారో కాగితం మీద ఉండాలి. ఎన్నికల విధుల కోసం ఒక కార్యాలయం వారు తీసుకున్న గదుల బిల్లు నాకు ఏళ్ల తరబడి రాలేదు. పరుపులు పాడైతే ఎవరు మారుస్తారు? ఖాళీ చేశాక క్రిమిసంహారక మందు ఎవరు చల్లిస్తారు? ఇక్కడ రోగులు ఉన్నారట అని ఊళ్లో మాట పుడితే తర్వాత పెళ్లి బృందాలు రావు, దానికి పరిహారం ఏమిటి? ఇవన్నీ తేలిస్తే చిన్న లాడ్జీలు ముందుకు వస్తాయి. పెద్ద హోటళ్ల కన్నా మేమే మేలు కూడా. మాకు కేంద్రీకృత ఏసీ లేదు, ప్రతి గదికీ కిటికీ ఉంటుంది, బాత్రూం లోపలే ఉంటుంది.

బే_ఏరియా_బాబాయ్
లాడ్జి యజమాని గారి భయం నిరాధారం కాదు. ఇక్కడ ఫెమా వాటాను 2021లో నూటికి నూరు శాతానికి పెంచారు, ఆ ధైర్యంతో ఊళ్లు గదులను కొనసాగించాయి. 2023 అక్టోబరుకు వచ్చేసరికి, 2021 జూన్ తర్వాత ఒక్కొక్కరి బసలో 20 రోజులకు మించిన భాగానికి చెల్లించబోమని అదే సంస్థ ఉత్తరం రాసింది. ఖర్చు అప్పటికే జరిగిపోయింది.

కృష్ణలంక
హోటళ్ల గురించి మాట్లాడుతున్నప్పుడు మా విజయవాడను మరిచిపోకండి. 2020 ఆగస్టు 9 తెల్లవారుజామున స్వర్ణ ప్యాలెస్ హోటల్లో నడుస్తున్న కోవిడ్ కేంద్రంలో మంటలు లేచి పదిమంది చనిపోయారు. వారు నిరాశ్రయులు కారు, చికిత్స కోసం వచ్చినవారు. అయినా పాఠం అందరికీ ఒకటే. ఏ లాడ్జినైనా జాబితాలో చేర్చే ముందు అగ్నిమాపక శాఖ తనిఖీ జరగాలి, రెండో మెట్ల దారి ఉండాలి, కిటికీలకు తెరవడానికి వీల్లేని ఇనుప చట్రాలు ఉండకూడదు.

రెండో మాట ఏమిటంటే, లాడ్జీలే కాకుండా ఇంకో దారి కూడా ఉంది. రాజమహేంద్రవరం దగ్గర బొమ్మూరులో పేదల కోసం కట్టిన టిడ్కో ఇళ్ల సముదాయాన్ని కోవిడ్ కేర్ సెంటరుగా వాడారు. ఒక్కొక్క ఇంటికీ తలుపు, వంటగది, మరుగుదొడ్డి ఉన్నాయి. ఏ ఊళ్లోనైనా పూర్తయి, ఇంకా అప్పగించని ఇళ్లు ఉంటే వాటిని లెక్క వేయవచ్చు.

లాడ్జి_యజమాని
కృష్ణలంక గారు చెప్పిన తనిఖీ మాకూ మంచిదే. రెండో మెట్ల దారి లేని లాడ్జీలు మా వీధిలోనే ఉన్నాయి.

సామాన్యుడు_66
అన్నీ ఒప్పుకుంటాను. ఒక్కటి చెప్పండి. గదిలో ఒంటరిగా పెడితే మందుకు అలవాటు పడ్డవారు ఏమవుతారు? హాలులో అయితే పక్కవాడు చూస్తాడు. తలుపు వేసిన గదిలో ఎవరు చూస్తారు?

వార్డు_సిస్టర్
ఈ చర్చలో అడిగిన ప్రశ్నల్లో ఇదే అన్నిటికన్నా కష్టమైనది. 2020 మార్చి చివరి వారంలో మద్యం దుకాణాలు, కల్లు దుకాణాలు ఒక్కసారిగా మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి వణుకు, మూర్ఛలు, మతిభ్రమణతో వచ్చినవారి వరుసలు పత్రికల్లో మీరంతా చూశారు. వారిలో చాలామంది కల్తీ కల్లుకు అలవాటు పడినవారు. మానేస్తే మంచిదే కదా అని బయటివారు అనుకుంటారు. మద్యం ఒక్కసారిగా ఆపేస్తే మూడో రోజుకు ప్రాణం పోయే ప్రమాదం కూడా ఉంది. కాబట్టి గది ఇచ్చే రోజునే ఈ విషయం అడిగి తెలుసుకోవాలి, మందులు రాసే డాక్టరు అందుబాటులో ఉండాలి.

బే_ఏరియా_బాబాయ్
శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐసొలేషన్ హోటళ్లలో ఉన్న కొందరికి వైద్యుల పర్యవేక్షణలో, విరాళాల ఖర్చుతో మద్యమూ సిగరెట్లూ అందించారు. పెద్ద దుమారం రేగింది. వారు గది వదిలి దుకాణానికి వెళ్లకుండా ఉండటానికి అది పనికివచ్చిందని వైద్యులు సమర్థించుకున్నారు. నా ఆలోచన కూడా అదే. అయితే సామాన్యుడు గారి భయం నిజమేనని కూడా చెప్పాలి: ఆ ఊళ్లో 2020లో మాదకద్రవ్యాల మోతాదు మించి చనిపోయినవారు 600 మందికి పైగా ఉన్నారు, కోవిడ్‌తో పోయినవారి కన్నా చాలా ఎక్కువ. చాలామంది ఒంటరి గదుల్లోనే పోయారు.

సామాన్యుడు_66
అందుకే అడిగాను. గది ఇవ్వండి, కానీ రోజుకు రెండుసార్లయినా తలుపు తట్టే మనిషి లేకపోతే ఇవ్వవద్దు.

అడ్డాకూలీ_మిత్రుడు
అందరూ గది గురించి, హాలు గురించి మాట్లాడుతున్నారు. రమ్మంటే వారు వస్తారా అన్నది కూడా ఆలోచించాలి. మా అడ్డా దగ్గర పడుకునే ఒక రిక్షా తాత వ్యాను వస్తే పారిపోయాడు. రిక్షా అద్దెది, దాన్ని రోడ్డు మీద వదిలితే యజమాని ఊరుకోడు. ఒక తల్లి మూటలోనే వంట గిన్నెలు, బట్టలు, చనిపోయిన భర్త ఫోటో అన్నీ ఉన్నాయి, ఒక్క సంచి మాత్రమే తెచ్చుకోమన్నారు. మరొకడికి కుక్క ఉంది. ఈ మూడింటికీ ఏర్పాటు లేకపోతే ఎంత మంచి గదైనా ఖాళీగానే ఉంటుంది.

బలవంతం గురించి కూడా చెప్పాలి. ఢిల్లీలో 2020 ఏప్రిల్ 11న యమున ఒడ్డున మూడు షెల్టర్లు కాలిపోయాయి, భోజనం దగ్గర మొదలైన గొడవ అంతదాకా వెళ్లింది. బయటికి పోనివ్వక, లోపల సరిపడా పెట్టక మనుషులను కుక్కితే ఎవరికైనా కడుపు మండుతుంది.

బే_ఏరియా_బాబాయ్
కుక్క విషయం చిన్నది కాదు. ఇక్కడ చాలా షెల్టర్లు కుక్కలను రానివ్వవు. రూమ్‌కీ గదుల్లో రానిచ్చారు, ఏళ్లుగా ఏ షెల్టర్‌కూ రానివారు అందువల్లే వచ్చారని మా మోటలు నిర్వాహకులు చెప్పేవారు.

సంధ్య_వెలుగు
స్త్రీల గురించి ఇంతవరకు ఎవరూ రాయలేదు. హాలులో రాత్రి దీపాలు ఆర్పాక ఒంటరి స్త్రీ నిద్రపోదు. హిజ్రాలను ఏ వైపు పడుకోబెట్టాలో తెలియక గుమ్మం దగ్గరే ఆపేసిన సందర్భం నేను చూశాను. లోపలి నుంచి గడియ పడే గది వీరికి అంటువ్యాధి లేని రోజుల్లో కూడా అవసరమే. ఒక లాడ్జిలో ఒక అంతస్తు మొత్తం స్త్రీలకు ఇచ్చి, అక్కడ పనిచేసేవారిని కూడా స్త్రీలనే పెట్టాలి.

లండన్_లక్ష్మి
సంధ్య గారు చెప్పినది అక్షరాలా నిజం. ఇంకొక విషయం, గది ఎప్పుడు ఖాళీ చేయించాలి? ఇంగ్లండ్‌లో శరదృతువులో ఒక రాత్రి తీసే లెక్కలో వీధిలో పడుకున్నవారు 2019లో 4,266 మంది ఉంటే, 2021లో 2,440కి తగ్గారు. నిధులు పలచబడి, హోటళ్లు మళ్లీ పర్యాటకులకు తెరుచుకొని, అద్దెలు పెరిగాక 2024లో అది 4,667 అయింది. మధ్యలో 6,000 కొత్త ఇళ్లు ఇస్తామని ప్రభుత్వం చెప్పింది, కొంత ఇచ్చింది కూడా, కానీ వచ్చిపడే జనానికి అవి చాలలేదు. కాబట్టి ఐసొలేషన్ ముగిసిన రోజు మనిషి ఎక్కడికి వెళ్తాడన్నది ప్రవేశం రోజే రాసుకోవాలి.

బే_ఏరియా_బాబాయ్
కాలిఫోర్నియా ఈ విషయంలో ఒక మంచి పని చేసింది. అద్దె గదులతో ఆగకుండా 2020 జులైలో హోమ్‌కీ అని 60 కోట్ల డాలర్లతో పథకం పెట్టి, నష్టాల్లో ఉన్న మోటళ్లను స్థానిక సంస్థలు కొనుక్కోవడానికి డబ్బిచ్చింది. మొదటి విడతలో సుమారు 6,000 ఇళ్లు వచ్చాయి. మామూలుగా కొత్త భవనం కట్టాలంటే ఏళ్లు పడుతుంది, ఇవి నెలల్లో సిద్ధమయ్యాయి.

సామాన్యుడు_66
మోటళ్లు కొనే డబ్బు మన మున్సిపాలిటీలకు ఎక్కడిది? జీతాలకే వెతుక్కుంటున్నారు. రాత్రి_బస గారు అడగగలిగినంతే అడగాలి, లేకపోతే మొత్తం కాగితాన్ని పక్కన పడేస్తారు.

రాత్రి_బస
ఆ మాట సబబే. అందరి మాటలూ కలిపి ఇలా రాశాను, లోపాలు చెప్పండి.

"అంటువ్యాధి ప్రకటించిన వెంటనే, పాజిటివ్ వచ్చిన నిరాశ్రయులకు, వారితో సన్నిహితంగా మెలిగినవారికి, 60 ఏళ్లు దాటినవారికి, గర్భిణులకు, దీర్ఘవ్యాధులు ఉన్నవారికి లోపలే మరుగుదొడ్డి ఉన్న విడి గదిని కేటాయించవలెను. ఇందుకోసం అగ్నిమాపక తనిఖీ పూర్తయిన లాడ్జీల, ఖాళీ గృహ సముదాయాల జాబితాను, అద్దె రేటును, చెల్లించే పద్దును ప్రతి ఏటా ముందుగానే ఖరారు చేయవలెను. మిగిలినవారికి తలకు 50 చదరపు అడుగులకు తగ్గని చోటు ఇవ్వవలెను. ఏ గుర్తింపు కార్డూ అడగరాదు. ఆరోగ్య సిబ్బంది రోజుకు రెండుసార్లు ప్రతి గదినీ సందర్శించవలెను. సామాను, బండి, పెంపుడు జంతువులు భద్రపరచుటకు ఏర్పాటు చేయవలెను. ఎవరినీ బలవంతంగా తరలించరాదు. బస ముగిసిన పిదప ఎక్కడికి పంపేదీ ప్రవేశం నాడే నమోదు చేయవలెను."

సంధ్య_వెలుగు
స్త్రీలకు, హిజ్రాలకు విడి అంతస్తు అన్న వాక్యం చేర్చండి. అడగకపోతే ఎవరూ ఇవ్వరు.

లాడ్జి_యజమాని
"అద్దెలో సగం ముందుగా చెల్లించవలెను" అని కూడా చేర్చండి. క్రిమిసంహారక ఖర్చు, పరుపుల నష్టం మున్సిపాలిటీదే అని రాస్తే మా సంఘం తరఫున మద్దతు లేఖ ఇప్పించడానికి ప్రయత్నిస్తాను.

వార్డు_సిస్టర్
"మద్యం, కల్లు అలవాటు ఉన్నవారిని ప్రవేశం నాడే గుర్తించి చికిత్స ప్రారంభించవలెను" అన్నది తప్పనిసరి. గడియ లోపల ఉన్నా, అత్యవసరంలో బయటి నుంచి తెరవగల తాళంచెవి ఒకటి డ్యూటీ నర్సు దగ్గర ఉండాలి. కోలుకొని డిశ్చార్జి అయినవారికి కూడా ఈ గదులు వర్తిస్తాయని రాయండి. చిరునామా లేదన్న కారణంతో మంచం ఖాళీ కాక ఆగిపోయిన ఆసుపత్రులకు అదే పెద్ద సాయం.

సామాన్యుడు_66
"బలవంతంగా తరలించరాదు" అన్నచోట పాజిటివ్ వచ్చినవారి సంగతి విడిగా రాయండి. రోగం ఉన్నవాడు వద్దని వీధిలో తిరిగితే ఊరు ఒప్పుకోదు. వారికి నచ్చజెప్పే బాధ్యత పోలీసులకు కాకుండా ఆరోగ్య కార్యకర్తలకు అప్పగించండి. ఈ మార్పు చేస్తే నేనూ సంతకం పెడతాను.

రాత్రి_బస
నలుగురు చెప్పిన మార్పులూ చేర్చాను. పెంపుడు జంతువుల పక్కన రిక్షాలు, తోపుడు బండ్లు అని కూడా స్పష్టంగా రాశాను. గురువారం ఇస్తాను.

పాత_ఫైళ్లు
నేరుగా కమిషనర్ చేతికి ఇచ్చి వచ్చేయకండి. ఇన్‌వార్డ్ సెక్షన్‌లో ఇచ్చి, మీ నకలు మీద నంబరు, తేదీ, ముద్ర వేయించుకోండి. ఇంకొక ప్రతిని జిల్లా విపత్తు నిర్వహణ అథారిటీ చైర్మన్ హోదాలో కలెక్టరుకు రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. తుది ప్రణాళికలో మీ పేరా కనిపించకపోతే, ఎందుకు తీసేశారో సమాచార హక్కు చట్టం కింద అడగడానికి ఆ ఇన్‌వార్డ్ నంబరు కావాలి.